ఇకామా లేనివారి ప్రయాణం



కడప, రాయచోటి, నిజామాబాద్, జగిత్యాల, హైదరాబాద్ పాతబస్తీల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల వారు మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. 'అమ్మీ అబ్బా విజిట్ వీసా మీద దుబాయిలో మా దగ్గరున్నారు, ఇక్కడి నుంచే ఉమ్రాకు తీసుకువెళ్లవచ్చునా?' అన్నది మొదటిది. 'ఇకామా ముగిసింది, ఇక్కడి నుంచే యూరప్ వీసా పెట్టుకోవచ్చునా?' అన్నది రెండవది.

ఈ రెండింటికీ మూలమొక్కటే. ఒక దేశంలో ఉండటం వేరు, ఆ దేశపు నివాసి కావడం వేరు. వీసా అధికారి మొదట చూసేది ఆ తేడానే.

సౌదీ ప్రభుత్వం 2023లో గల్ఫ్ సహకార మండలి దేశాల నివాసులకు, వారి వృత్తి ఏదైనా సరే, ఎలక్ట్రానిక్ వీసా సౌకర్యం కల్పించింది. దానితో ఉమ్రా కూడా చేయవచ్చును. కాని దానికి ఆధారం నివాస కార్డు. కనుక కార్డున్న కుమారునికి తెరిచిన ఆ దారి, సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులకు తెరవదు. పైగా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన విజిట్ వీసా, ఆ దేశం దాటగానే ముగిసిపోతుంది. కాబట్టి పెద్దలకు స్వదేశం నుంచే ఉమ్రా వీసా తీసుకోవడం క్షేమం.

యూరప్ విషయంలో 2009 నాటి షెంగెన్ వీసా నియమావళి ఆరవ అధికరణం స్పష్టంగా ఉంది. చట్టబద్ధంగా నివసించే ప్రాంతంలోని కాన్సులేట్‌లోనే దరఖాస్తు చేయాలి. నివాసి కాకున్నా చట్టబద్ధంగా అక్కడ ఉన్నవారు, అక్కడి నుంచే ఎందుకు అడుగుతున్నారో తగిన కారణం చూపితే స్వీకరించే వీలుంది. గడువు దాటి ఉన్నవారికి ఆ వీలు లేదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా పొందే హక్కు, అప్పీలు చేసుకునే హక్కు 32వ అధికరణం ఇస్తున్నది. ఏజెంట్లు ఈ మాట చెప్పరు. దొంగ ఉద్యోగపత్రం చేతిలో పెట్టి డబ్బు గుంజుతారు. పట్టుబడితే శిక్ష మన బిడ్డకే.

ఇకామా లేకపోవడం ప్రతిసారీ పనివాని నేరం కాదు. సౌదీలో దానిని పునరుద్ధరించవలసిన బాధ్యత యజమానిది. కఫీల్ ఆ పని చేయక, అడిగినవానిపై హురూబ్ పెడితే, శ్రమ చేసినవాడే చట్టానికి దోషిగా కనిపిస్తాడు. ఈ అన్యాయాన్ని గురించి మనం నోరు విప్పాలి.

అటువంటివారికి రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ భారతదేశానికి ఒక్కసారి తిరిగిరావడానికే చెల్లుతుంది. దానిపై మూడవ దేశానికి వెళ్లలేరు. అందుచేత మొదట స్థితిని సరిచేసుకోవాలి. ఎమిరేట్స్ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు జరిమానాలు రద్దుచేసి, మళ్లీ ప్రవేశంపై నిషేధం లేకుండా వెళ్లనిచ్చింది. సౌదీ 2017లో 90 రోజుల గడువిచ్చింది. ఇటువంటి గడువులు వచ్చినప్పుడు ఆ వార్త ప్రతి ఇంటికీ చేరాలి.

మన ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. పాస్‌పోర్టు చట్టం, 1967 ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దానిని దాచిపెట్టుకునే హక్కు కఫీల్‌కు లేదు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయసహాయానికి, విమాన టికెట్టుకు, పనివాని తప్పు లేని సందర్భాల్లో చిన్నపాటి జరిమానాలకు కూడా సాయం అందవచ్చును. ఇది దయ కాదు, అడిగి పొందవలసిన సహాయం.

ప్రతి మసీదు కమిటీ జుమా తరువాత ఒక గంట, చదువుకున్న ఇద్దరు యువకులను ఈ కాగితాలు చూడటానికి కూర్చోబెట్టాలని మా విన్నపం. ఏజెంటు చేతికి సొమ్ము వెళ్లకముందే ఆ కుటుంబం మన దగ్గరకు రావాలి. పరదేశంలో చిక్కుకున్న మన బిడ్డలను అల్లాహ్ క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక! ఆమీన్.