తేజస్సు, పరమాణువు: ఒక వైదికుని విచారణ

(రథసప్తమి నాటి సాయంసభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ రోజు సూర్యభగవానుని జయంతి. ప్రాతఃకాలంలో జిల్లేడాకులు, రేగిపండ్లు శిరస్సున ఉంచుకొని స్నానం చేసి, పిడకల పొయ్యి మీద పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నం నివేదించి వచ్చినవారే మీలో అధికులు. ఇట్టి పర్వదినాన వెలుగును గూర్చి నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తలు ఆదేశించారు. నేను పాఠశాలలో వేదం వల్లించి, తర్వాత కొంత తర్కం చదువుకొన్నవాడను. భౌతికశాస్త్రం నాకు చదువు కాదు. అయినా వెలుగు అందరిదీ కనుక దానిని గూర్చి ఆలోచించే అధికారం అందరికీ ఉన్నదని భావించి సాహసిస్తున్నాను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రితం ఇదే వేదిక మీద, ఇదే పర్వదినాన, కాంతి వేగాన్ని మన పెద్దలు ఏనాడో లెక్కగట్టారని నేను గంభీరంగా ప్రకటించాను. మీరు చప్పట్లు కొట్టారు. చతుర్దశ శతాబ్దంలో విజయనగర ప్రభువైన బుక్కరాయల కాలంలో జీవించిన సాయణాచార్యులవారు ఋగ్వేదం ప్రథమ మండలంలోని సూర్యసూక్తానికి భాష్యం వ్రాస్తూ, సూర్యుడు అర నిమేషంలో 2,202 యోజనాలు సాగుతాడనే స్మృతివాక్యాన్ని ఉదాహరించారు. దానిని మైళ్ళలోకి మారిస్తే నేటి శాస్త్రజ్ఞులు చెప్పే సంఖ్య వస్తుందని నేను చెప్పాను.

ఆ రాత్రి భోజనాల తర్వాత, భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చదువుతున్న మా మనుమరాలు నా ప్రక్కన వచ్చి కూర్చున్నది.

“తాతయ్యా, మీరు చెప్పిన యోజనం ఎన్ని మైళ్ళు?” అని అడిగింది.

“తొమ్మిది మైళ్ళమ్మా” అన్నాను.

“తొమ్మిదని ఏ గ్రంథంలో ఉంది?”

నా వద్ద సమాధానం లేదు. ఎవరో చెప్పగా విన్నాను, విన్నది చెప్పాను. అప్పుడు ఆ పిల్ల ఇంకొక మాట అడిగింది. “ఈ లెక్క నిలవకపోతే, మీరు వేదం గురించి చెప్పే మిగతా మాటలు కూడా నిలవవా తాతయ్యా?”

ఆ ప్రశ్న నన్ను నిద్ర పోనివ్వలేదు. మరునాడు కాగితం, కలం తీసుకొని కూర్చున్నాను. నిమేషమంటే ఎంత? విష్ణుపురాణం ప్రకారం 15 నిమేషాలు ఒక కాష్ఠ. 30 కాష్ఠలు ఒక కళ. 30 కళలు ఒక ముహూర్తం. 30 ముహూర్తాలు ఒక అహోరాత్రం. అనగా దినానికి 4,05,000 నిమేషాలు. మనుస్మృతి 18 నిమేషాలకు ఒక కాష్ఠ అంటున్నది. అప్పుడు దినానికి 4,86,000 అవుతాయి. యోజనమంటే ఎంత? భూమి వ్యాసం 1,050 యోజనాలని ఆర్యభటుడు, 1,600 యోజనాలని సూర్యసిద్ధాంతం చెప్పాయి. భూమి ఒక్కటే కనుక, ఆర్యభటుని యోజనం రమారమి 12 కిలోమీటర్లు, సూర్యసిద్ధాంత యోజనం 8 కిలోమీటర్లు.

ఇద్దరు నిమేషం చెప్పారు, ఇద్దరు యోజనం చెప్పారు. కలిపితే నాలుగు సమాధానాలు వచ్చాయి. సెకనుకు సుమారు 1,64,000 కిలోమీటర్లు, 1,97,000, 2,50,000, 3,00,000. చివరిది నేటి సంఖ్యకు చాలా దగ్గర. అది చూచి మొదట నా మనస్సు పొంగింది. కాని వెంటనే నాలోని తార్కికుడు హెచ్చరించాడు. నాలుగింటిలో నాలుగవదానిని ఏరుకొన్నది ఎవరు? సమాధానం ముందే తెలిసిన నా మనస్సే కదా! అదీ కాక, ఆ వాక్యం సూర్యుని గమనానికి చేసిన నమస్కారం. కిరణాల వేగమనే మాట అందులో స్పష్టంగా లేదు. సాధ్యాన్ని ముందే చేతిలో పెట్టుకొని హేతువును వెదకడం మన తర్కశాస్త్రానికే సమ్మతం కాదు.

కాంతి వేగం నిజంగా ఎలా తెలిసిందో వినండి. 1676లో పారిస్ నగరంలో రోమర్ అనే డెన్మార్క్ దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు గురుగ్రహాన్ని పరిశీలిస్తున్నాడు. గురువు చుట్టూ తిరిగే ఒక ఉపగ్రహం ఆ గ్రహపు నీడలోకి పోయి బయటికి వచ్చే కాలాన్ని గుణించాడు. భూమి గురువు నుండి దూరంగా పోతున్న మాసాలలో గ్రహణం లెక్కకన్న ఆలస్యంగా కనిపించింది. దగ్గరవుతున్న మాసాలలో ముందుగా కనిపించింది. గ్రహణంలో ఆలస్యం లేదు, వార్త మన వద్దకు రావడంలోనే ఆలస్యమున్నదని ఆయన గ్రహించాడు. వెలుగుకు కూడా ప్రయాణకాలం కలదని లోకానికి తెలిసినది అట్లా. తర్వాతివారు ఎన్నో విధాల కొలిచారు. నేడు సెకనుకు 29,97,92,458 మీటర్లని నిర్ణయించి, 1983 నుండి మీటరునే ఆ వేగాన్ని బట్టి నిర్వచిస్తున్నారు. బృహస్పతి దేవగురువు. ఆయన పేరు గల గ్రహమే వెలుగు నడకను మానవులకు బోధించిందని చెప్పుకొంటే అది అందమైన మాట. అందమైన మాటగానే ఉంచుదాం, ప్రమాణం చేయవద్దు.

ఇక పరమాణువు సంగతి. నా బాల్యంలో మా పాఠశాల ఒక పాత పెంకుటిల్లు. ఒక పెంకు తొలగిన సందు నుండి ఉదయపు ఎండ కర్రలాగా లోపలికి దిగేది. ఆ ఎండలో ధూళికణాలు ఆడుతూ ఉండేవి. మా గురువుగారు పాఠం ఆపి, “అదిగో చూడు నాయనా, త్రసరేణువు!” అని చూపించారు. రెండు పరమాణువులు ద్వ్యణుకం. మూడు ద్వ్యణుకాలు కలిస్తే కంటికి ఆనే త్రసరేణువు. కనుక అందులో ఆరవ వంతు పరమాణువు. ఇది వైశేషికుల లెక్క. నేటి లెక్కలో అట్టి ధూళికణంలో అణువులు లక్షల కోట్లలో ఉంటాయి. కనుక ఆరవ వంతు అనే సంఖ్య నిలవదు.

కాని ఆ సంఖ్య వెనుక ఉన్న యుక్తిని చూడండి. వస్తువును ఎంత విభజించినా అంతం లేకపోతే, మేరుపర్వతానికీ ఆవగింజకూ అవయవాలు సమానంగా అనంతమే అవుతాయి. అప్పుడు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కావడానికి కారణం ఉండదు. కనుక ఎక్కడో విభజన ఆగాలి. యంత్రం లేదు, ప్రయోగశాల లేదు. కేవలం బుద్ధితో ఆ ప్రశ్న వేశారు. ఇది మనం గర్వించదగిన విషయం. నేటి పాఠ్యపుస్తకాలలో పరమాణువని వ్రాసేది మాత్రం కణాదుని పరమాణువు కాదు. అది విభజింపబడింది. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని, 1932లో చాడ్విక్ న్యూట్రానును కనుగొన్నారు. ప్రోటానులో కూడా క్వార్కులున్నాయని 1964లో ప్రతిపాదించగా, తర్వాతి ప్రయోగాలు బలపరచాయి. ఎలక్ట్రానులో అవయవాలు మాత్రం ఇంతవరకు కనబడలేదు. మేరువూ ఆవగింజా అనే ఆ ప్రశ్న ఇంకా సజీవంగానే ఉన్నది.

మరి వెలుగు? మనవారు తేజస్సును ద్రవ్యమన్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో బంగారాన్ని కూడా తేజస్సులోనే చేర్చాడు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకితే చూపు కలుగుతుందని నైయాయికులు వాదించారు. అది నేడు నిలవదు. వస్తువు మీద పడిన వెలుగే కంటిలోకి వస్తున్నది. ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. మా గురువుగారు బ్రతికి ఉంటే, యుక్తి చూపిస్తే ఒప్పుకొనే మొదటి మనిషి ఆయనే.

వెలుగు అలగా వ్యాపిస్తుంది. రెండు సన్నని చీలికల గుండా పంపితే అలలు ఒకదానిపై ఒకటి పడినట్లు వెలుగు చారలు, చీకటి చారలు ఏర్పడతాయి. అదే వెలుగు లోహాన్ని తాకినప్పుడు గింజ గింజగా పనిచేస్తుందని 1905లో ఐన్‌స్టైన్ ప్రతిపాదించాడు. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపినా చుక్కలు చుక్కలుగా పడి, చివరకు అవే చారలు ఏర్పడడం 1989లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపించారు. ఒకే ధర్మిలో రెండు విరుద్ధధర్మాలు ఎట్లా ఇముడుతాయని నేను మనుమరాలిని నిలదీశాను. తర్వాత నాకే తోచింది. అల అనే మాట మనం చెరువులో నేర్చుకొన్నాం. గింజ అనే మాట ధాన్యపురాశిలో నేర్చుకొన్నాం. ఆ రెండు మాటలలోనే ఇమడాలని వెలుగుకు నియమం లేదు. ఉపనిషత్తులు పరమసత్యాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు, ఇది కాదు, అది కాదు అని తొలగిస్తూ పోవడం ఎందుకో నాకు ఆనాడు కొంచెం ఎక్కువగా అర్థమయింది.

చివరగా నన్ను అన్నిటికన్న ఆశ్చర్యపరచిన విషయం. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో ఉన్న సత్యేంద్రనాథ బోసు ఒక చిన్న వ్యాసం వ్రాసి ఐన్‌స్టైన్‌కు పంపాడు. ఐన్‌స్టైన్ దానిని స్వయంగా జర్మను భాషలోకి అనువదించి అచ్చువేయించాడు. అందులోని మర్మం ఇది. రాముడు, కృష్ణుడు అనే ఇద్దరు బాలురు రెండు మండపాలలో కూర్చోవాలి. ఇద్దరూ మొదటి దానిలో, ఇద్దరూ రెండవ దానిలో, రాముడు ఇక్కడ కృష్ణుడు అక్కడ, కృష్ణుడు ఇక్కడ రాముడు అక్కడ. ఇవి నాలుగు విధాలు. కాంతికణాల విషయంలో బోసు లెక్క మూడే విధాలు. ఎందుకంటే ‘ఇది ఇక్కడ, అది అక్కడ’ అని చెప్పడానికి ఆ కణాలకు రాముడు, కృష్ణుడు అనే పేర్లు లేవు. ఒకదానికొకటి తేడా లేదు. అట్లా లెక్కిస్తేనే వేడిమి వెలువరించే కాంతి లెక్క సరిపోయింది. ఆ జాతి కణాలకు నేడు ఆయన పేరిట బోసాన్లని పేరు.

వైశేషికం అనే పేరే ‘విశేషం’ నుండి వచ్చింది. ఒకే జాతి పరమాణువులను కూడా ఒకదాని నుండి మరొకదానిని వేరుచేసే ధర్మమొకటి కలదని, అదే విశేషమని ఆ దర్శనం. బోసు లెక్క దానికి నేరుగా ఎదురు నిలుస్తున్నది. వెలుగులో విశేషం లేదు! మన దేశపు ఒక దర్శనానికి మన దేశపు శాస్త్రజ్ఞుడే పూర్వపక్షం చేశాడు. ఇది మన సంప్రదాయానికి అవమానం కాదు. కణాదుని శాస్త్రాన్ని బౌద్ధులు ఖండించారు, శంకర భగవత్పాదులు ఖండించారు. అయినా దానిని నేటికీ గౌరవించి చదువుతూనే ఉన్నాం.

ఇక్కడ నా ఊహ ఒకటి చెబుతాను. ఇది దృష్టాంతం మాత్రమే. కార్తికమాసంలో ఈ ఆలయంలో వేయి దీపాలు వెలిగిస్తాం. ప్రమిదలు వేరు, నూనె వేరు, తెచ్చిన ఇండ్లు వేరు. గర్భగుడి గోడ మీద పడిన వెలుగులో ఏది ఎవరిదని ఎవరు చెప్పగలరు? భేదం ప్రమిదలోనే ఆగిపోయింది. జీవుల విషయం కూడా ఇట్లాగే ఉండవచ్చునని నా మనస్సుకు తోస్తున్నది. బోసు లెక్క దీనిని నిరూపించదు. వేదాంతానికి ఆ నిరూపణ అవసరమూ లేదు. ప్రత్యక్షానుమానాలకు అందని విషయంలోనే శ్రుతి ప్రమాణమని మీమాంసకులు చెప్పారు. ప్రత్యక్షానికి విరుద్ధమైన అర్థాన్ని శ్రుతికి అంటగట్టరాదని, నిప్పునే ఉదాహరణగా చూపి, భగవత్పాదులు గీతాభాష్యంలో స్పష్టం చేశారు. కాంతి వేగం కొలిస్తే తెలిసేది. దానిని చెప్పడానికి వేదం రానక్కరలేదు.

కనుక ఆనాటి మనుమరాలి ప్రశ్నకు నేడు మీ అందరి ఎదుట సమాధానం చెబుతున్నాను. ఆ లెక్క నిలవదమ్మా. వేదం నిలుస్తుంది. దాని మీద మోపిన నా అజ్ఞానం మాత్రమే జారిపోయింది. తల్లిదండ్రులారా! అన్నీ మా వేదాలలో ఉన్నాయని పిల్లలకు చెప్పి, అబద్ధపు స్తంభం మీద శ్రద్ధను నిలబెట్టవద్దు. ఏదో ఒకనాడు వారు లెక్క వేస్తారు. స్తంభం కూలిన రోజున దాని మీది దీపాన్ని కూడా పారవేస్తారు.

రేపు ఉదయం అర్ఘ్యం ఇచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మీ దోసిలిలోని నీటిపై మెరిసే వెలుగు సూర్యుని విడిచి ఎనిమిది నిమిషాల ఇరవై సెకనులు అయినది. అంత దూరం నడిచి మీ దోసిలిని వెదుక్కొంటూ వచ్చినది. ప్రక్కనున్న మనుమనికి ఆ సంగతి చెప్పండి. తర్వాత గాయత్రి ఉపదేశార్థం కూడా చెప్పండి. ఆ మంత్రంలో మనం కోరుకొనేది బుద్ధికి ప్రేరణనే. ఆ ప్రేరణ ప్రశ్నగా వచ్చి మన ప్రక్కన కూర్చొన్నప్పుడు దానిని కసరకుండా ఉందాం.

స్వస్తి.