గుడ్డు తినని పిల్లలకు బలమెట్ల?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, అప్పు లెక్క విన్నరు. ఇప్పుడు పిల్లల పళ్లెం లెక్క చూద్దాం. మన చెన్నూరు సంఘాలల్ల నీసు ముట్టని ఇండ్లున్నయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఆ పిల్లలు తినరు. తినకపోతే తప్పేం లేదు. దాని బదులు మనం ఏం పెడుతున్నం అన్నదే అడగాలె.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటయి. గ్లాసెడు (200 మిల్లీలీటర్ల) పాలల్ల అంతే ఉంటయి. 25 గ్రాముల పల్లీలల్ల, పిడికెడు కందిపప్పులో లేదా పెసరపప్పులో కూడా ఇంచుమించు అంతే. నాలుగు నుంచి ఆరేండ్ల బిడ్డకు రోజుకు సుమారు 16 గ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తున్నది. పూటపూటా అన్నంతో పాటు పప్పు, పాలు, పల్లీలు పెడితే ఇది అందుతది. బియ్యంలో తక్కువైంది పప్పులో, పప్పులో తక్కువైంది బియ్యంలో దొరుకుతది. అందుకే రెండూ కలిపి తినాలె.

మరి లోటు ఎక్కడ వస్తున్నది? గరిటె కాడ. పప్పుచారు పోసినం, బిడ్డ తిన్నది అనుకుంటం. పైన తేలేది నీళ్లే, పప్పంతా గిన్నె అడుగున ఉంటది. గరిటె అడుగుదాకా పోవాలె. ముద్దపప్పు ముందు బిడ్డకు పెట్టి, చారు తర్వాత కలుపుకోవాలె. ఆడపిల్లకూ మగపిల్లగానికీ ఒకే తీరుగ పెట్టాలె.

పిల్లల కడుపు చిన్నది, ఒక్కసారి ఎక్కువ పట్టదు. సాయంత్రం బబ్బెర గుడాలో, శనగ గుడాలో పెట్టండి. సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల పొడి, పల్లి పొడి ఏడాదికొక్కనాడే ఎందుకు? వారానికోసారి దంచి డబ్బాల పోసుకుంటే రోజూ అన్నంలో కలపొచ్చు. చిన్న పిల్లలకు పల్లీలు గింజలుగ ఇయ్యొద్దు, గొంతులో అడ్డం పడుతయి. పొడి చేసే పెట్టాలె.

ఏడు నెలల నుంచి మూడేండ్ల దాకా ఇచ్చే బాలామృతంలో గోధుమలు, శనగపప్పు, పాలపొడి ఉంటయి. ఆ ప్యాకెట్ బిడ్డది. ఇంట్ల అందరం పంచుకుంటే బిడ్డకు మిగిలేది తక్కువే.

అక్కలారా, ప్రతి నెల అంగన్‌వాడీలో బిడ్డ బరువు చూపించి, సంఘం మీటింగుల చెప్పుకుందాం. బరువు పెరగని బిడ్డ ఉంటే ఆశ కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్దాం. ఖరీదైన డబ్బా పొడుల కోసం అప్పు చేయకముందే మన ఇంట్ల పప్పు డబ్బా చూసుకుందాం. కిస్తీ ఒక్క నెల తప్పితే సంఘమంతా అడుగుతది. బిడ్డ బరువు తగ్గినా అట్లనే అందరం అడుగుదాం.