పంచాయతీ బీరువాలోని సీడీలు
(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగము)



మీ పంచాయతీ కార్యాలయమునందలి బీరువాను ఒకసారి తెరచి చూడవలసినదిగా మొదటనే కోరుచున్నాము. రిజిష్టర్ల వెనుక, రసీదు పుస్తకముల క్రింద, కాగితపు కవరులలో కొన్ని సీడీలు కానరావచ్చును. గ్రామసభ వీడియో, సిమెంటు రోడ్డు వేయుటకు ముందును తరువాతను తీసిన ఫోటోలు, ఇండ్ల స్థలముల నక్షా, పాత లబ్ధిదారుల జాబితాలు వానిలో నుండవచ్చును. వానిని గురించియే నేడు మనవి చేయదలచితిమి.

సీడీ 1982లో లోకమునకు వచ్చినది. పన్నెండు సెంటీమీటర్ల ఆ బిళ్ల 700 మెగాబైట్ల సమాచారమును దాచును. తరువాత వచ్చిన డీవీడీ అంతకు ఆరు రెట్లకు పైగా ఇముడ్చుకొనును. పెండ్లి వీడియో మొదలు నక్షాల వరకు అన్నియు వానిపైకే ఎక్కినవి. కాని 2008లో ఆపిల్ సంస్థ సీడీ పెట్టు అర లేని పలుచని ల్యాప్‌టాప్‌ను విడుదల చేసినది. ఇతర సంస్థలును క్రమముగా ఆ దారినే పట్టినవి. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూ-రే బిళ్లల తయారీని నిలిపివేసినది. రేపు మీ కార్యాలయమునకు వచ్చు క్రొత్త కంప్యూటరులో సీడీకి చోటే లేకపోవచ్చును.

అలంపురములోని చాళుక్యుల కాలపు శాసనములను లిపి తెలిసినవారు నేటికిని కంటితో చదువగలరు. సీడీ అట్టిది కాదు. యంత్రము చదివిననే అది మాటాడును. యంత్రము పోయిననాడు మూగవోవును. పైగా మనము వ్రాయించుకొను సీడీలలో సమాచారము ఒక రంగు పూతపై నిలుచును. ఎండకును వేడికిని ఆ పూత చెడును. నడిగడ్డ వేసవిలో ఇనుప బీరువా ఎంత కాగునో మీకు చెప్పనక్కరలేదు.

మరి ఎచ్చట దాచవలెను? క్లౌడ్ అను మాట మీరు వినియుందురు. మేఘమని దాని అర్థము. కాని అది ఆకాశమున లేదు. దూరమున పెద్ద భవనములలో రేయింబవళ్లు నడచు కంప్యూటర్లలో మన దస్త్రములను ఉంచి, కావలసినప్పుడు ఇంటర్నెట్టు ద్వారా తెప్పించుకొను ఏర్పాటు అది. కేంద్ర ప్రభుత్వము 2014లో మేఘరాజ్ అను పేర ఇట్టి ఏర్పాటును ఆరంభించినది. 2020 ఏప్రిల్ 24న వచ్చిన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు ఇంటర్నెట్టు ద్వారానే ఎక్కుచున్నవి.

దీని లాభము 2009 అక్టోబరు వరదను చూచినవారికి సులభముగా తెలియును. నాడు తుంగభద్ర పొంగి అలంపురమును, రాజోలిని ముంచినది. అట్టి దినమున ఒకే బీరువాలోని కాగితమును సీడీయు కలిసియే నానును. దూరముననున్న ప్రతి నిలుచును.

అట్లని క్లౌడ్‌నొక్కదానినే నమ్ముకొనరాదు. నల్లమల లోపలి పెంటలలో సిగ్నలు అందని చోట్లున్నవి. అద్దె చెల్లింపు ఆగినచో ఖాతా మూతపడవచ్చును. ఉద్యోగి తన సొంత ఖాతాలో దాచినచో, బదిలీతో తాళపుచెవియు వెళ్లిపోవును. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునని గూగుల్ సంస్థ 2023లోనే ప్రకటించినది. విత్తనపు గింజనంతయు ఒకే కుండలో దాచిన రైతు, దానికి పురుగు పట్టిననాడు ఏమి చేయును?

కావున మా సూచనలివి. మొదట సీడీలన్నిటికి జాబితా వ్రాయుడు. దేనిలో ఏమున్నదో, ఏ సంవత్సరపుదో తెలుపుడు. బయట తగిలించు డ్రైవు దొరకుచున్నప్పుడే వానిని కంప్యూటరులోనికి ఎక్కించి, ఒక్కొక్కటి తెరచి సరిచూడుడు. అంతవరకు పాతవానిని పారవేయకుడు. ఒక ప్రతిని హార్డ్ డిస్కులో మండల కార్యాలయమునందును, మరియొకటి ప్రభుత్వము అనుమతించిన క్లౌడ్‌లోను ఉంచుడు. ఖాతా పంచాయతీ పేరిటనే ఉండవలెను. పాస్‌వర్డును సీలు వేసిన కవరులో భద్రపరచి, కార్యదర్శి మారినప్పుడు చార్జితో పాటు అప్పగింపవలెను. ఆధారు, బ్యాంకు నంబర్లు గల జాబితాలను ప్రైవేటు ఖాతాలలో పెట్టరాదు. తీర్మానముల రిజిష్టరు మాత్రము కాగితముపై యథావిధిగా సాగవలెను.

రేపొక వృద్ధురాలు వచ్చి, "అయ్యా, ఆనాటి ఇండ్ల జాబితాలో నా పేరున్నది, చూడుడు" అని అడుగవచ్చును. సీడీ తెరుచుకొనుట లేదని ఆమెను త్రిప్పి పంపు దినము మీ పంచాయతీకి రాకుండుగాక. బీరువాను ఈ వారమే తెరువుడు.