లక్ష్యాలకు తగిన లెక్కల పుస్తకం



2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం చిన్న తరగతుల లెక్కలకు స్పష్టమైన లక్ష్యాలు పెట్టింది. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలి. రెండో తరగతిలో 99 లోపు తీసివేతలు కూడా రావాలి. 2022 నాటి పునాది దశ విద్యా ప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ మరుసటి ఏడే ఒకటి, రెండు తరగతులకు కొత్త గణిత పుస్తకాలు తెచ్చింది.

పుస్తకం లక్ష్యానికి సరిపోయిందని ఎలా తేల్చాలి? విషయసూచికలో ‘తీసివేత’ అని కనబడితే చాలదు. 52లోంచి 27 తీసెయ్యాలనుకోండి. 2లోంచి 7 పోదు. అయిదు పదుల్లో ఒకదాన్ని విప్పి ఒకట్లలో కలపాలి. అప్పుడు 12లోంచి 7 పోతే 5, నాలుగు పదుల్లోంచి రెండు పోతే రెండు, జవాబు 25. ఇది అర్థం కావాలంటే పిల్లలు అంతకుముందే పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి, విప్పి చూసి ఉండాలి. ఆ కట్టల పని చేయించే స్థానవిలువ పాఠం తీసివేత తర్వాత వస్తే, అన్ని అంశాలూ ఉన్నా ఆ పుస్తకం సరిపోయినట్టు కాదు. నా దృష్టిలో ఈ వరుసే ప్రాణం.

లక్ష్యం ‘సమస్యను సాధించడం’ అయితే పేజీ నిండా నిలువు లెక్కలిచ్చి ఊరుకోకూడదు. సంతబేరాల లెక్కలూ, బస్సు టికెట్ల లెక్కలూ కావాలి.

ఉపాధ్యాయులారా, బడి తెరవకముందే ఒక్కో లక్ష్యం పక్కన దాన్ని నేర్పే పేజీ నంబరు రాసుకోండి. ఖాళీ మిగిలినచోట మీరే అభ్యాసం తయారుచేయండి.