ఆకు తిప్పి చూద్దాం

బొటానికల్ గార్డెన్‌కు వెళ్తే మనం పూలు చూస్తాం. అక్కడి సిబ్బంది ఆకులు తిప్పి చూస్తారు. తెల్లదోమ, పిండినల్లి ఎక్కువగా చేరేది ఆకు అడుగునే. కొమ్మల మీద చీమల బారు, ఆకులపై జిగురు, నల్లటి మసి కనిపిస్తే రసం పీల్చే పురుగు చేరిందని అనుమానించాలి. పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, వాటికి అంటుకున్న పురుగులను వారం వారం లెక్కపెడితే ఉద్ధృతి పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది.

ఈ తోటల్లో దేశదేశాల మొక్కలు ఒకేచోట పెరుగుతాయి. కొత్త పురుగు ఏ మొక్కను ఆశిస్తుందో ఇక్కడే ముందుగా పసిగట్టవచ్చు. అందుకే 2013లో ఇలాంటి తోటలను కలుపుతూ అంతర్జాతీయ ప్లాంట్ సెంటినల్ నెట్‌వర్క్ మొదలైంది.

ముందుగా పసిగట్టడం ఎందుకంత ముఖ్యం? మధ్య అమెరికా నుంచి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచి కొబ్బరి తోటల్లో బయటపడింది. తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికీ పాకింది. దాన్ని అదుపు చేసే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కూడా ఉంది. విచక్షణ లేకుండా మందు కొడితే ముందు చచ్చేది ఆ మిత్ర పురుగే.

తోటలో వింత పురుగు కనిపిస్తే ఫొటో తీసి సిబ్బందికి చూపించండి. కొమ్మలు తుంచి ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి.