పిల్లల ఫోను లెక్క
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, అప్పు లెక్క ప్రతి మీటింగులో రూపాయి పోకుండా చూసుకుంటాం. ఈ ఏడాది మేము ఇంకో లెక్క మొదలుపెట్టినం. మన పిల్లలు రోజుకు ఎంతసేపు ఫోను చూస్తున్నరు?

ముందు నోటిమాటగా అడిగినం. "ఎంతక్కా, ఒక గంట" అన్నరు చాలామంది. మేమూ అట్లనే అన్నం. తర్వాత ఫోన్‌ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూసినం. గంట అన్న ఒకామె ఫోన్‌లో యూట్యూబ్ ఒక్కటే నాలుగు గంటలు చూపించింది. పాపం, ముఖం చిన్నబోయింది. కానీ ఆ లెక్క కూడా పూర్తి నిజం కాదు. రాత్రి ఇంటాయన చూసిన వీడియోలూ అందులోనే కలిసినయి. ఇంటికంతా ఒకటే ఫోనైతే ఎవరు చూసిన్రో దానికేం తెలుసు? టీవీ సంగతి అసలే రాదు.

అమెరికాలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల తల్లిదండ్రులు చెప్పిన లెక్కను, ఫోన్ల లెక్కతో పోల్చి చూసిన్రు. 2020లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో అచ్చయింది. మూడోవంతుకు పైగా తక్కువ చెప్పిన్రు, ఇంచుమించు అంతమంది ఎక్కువ చెప్పిన్రు. కాబట్టి సిగ్గుపడే పని లేదు.

అందుకే ఫోన్‌తో పాటు నోటుబుక్కు పెట్టినం. ఏ పూట, ఎంతసేపు, ఏం చూసిన్రు, పక్కన ఎవరున్నరు, ఎందుకిచ్చినం అని గడులు గీసి వారం రోజులు రాసినం. 2020 సెప్టెంబర్ 1 నుంచి బడిపాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో వచ్చినప్పుడు అప్పుచేసి ఫోన్లు కొన్నోళ్లం మనలో ఉన్నం. పాఠం చూసిన గంటనూ రీల్స్ చూసిన గంటనూ ఒకే గడిలో ఎట్లా రాస్తాం?

అసలు సంగతి చెప్పింది ఆఖరి గడి. "అన్నం తినాలని." "వంట అయ్యేదాకా." ఒకామె వారమంతా ఒకటే రాసింది: "దుకాణంల డ్యూటీ తొమ్మిదింటిదాకా, ఇంట్ల ఎవరూ లేరు." అది చదివి మేము కాసేపు ఏం మాట్లాడలేకపోయినం. ఆ పిల్ల దగ్గర ఫోను గుంజుకుంటే ఇంక మిగిలేది తాళమేసిన గదే కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీను అసలొద్దని, నాలుగేళ్ల వరకు గంట దాటొద్దని. మంచిమాటే. ఆ మిగతా గంటలు ఎవరు చూసుకోవాలన్నది మన ముచ్చట.

ఇప్పుడు సాయంత్రాలు వంతులవారీగా ఒక ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెడుతున్నం. ఆదివారం ఇద్దరం కలిసి పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకుపోతున్నం. జవహర్ బాలభవన్ కూడా అక్కడే ఉంది. వంతు తప్పిన రోజులు లేవని కాదు, ఉన్నయి. అవీ రాస్తున్నం.

గీతలు గీసిన పుస్తకాలు బల్ల మీదున్నయి. సంఘానికి ఒకటి తీసుకుపోండి. ఒకటే ఫోనున్నోళ్లు ఇంటాయన గడి వేరేగా గీసుకోండి.