జాయ్‌స్టిక్ మూత విప్పితే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సాంకేతిక రంగంలో మార్పులు" అన్న అంశం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు నిర్వాహకులు. అంత పెద్ద అంశం పది నిమిషాల్లో ఇమడదు. అందుకని ఒక చిన్న వస్తువును ఎంచుకున్నాను. పాత కంప్యూటర్లకు తగిలించి ఆటలాడుకునే జాయ్‌స్టిక్. గురువులు కోప్పడకండి, ఆట పేరుతో పాఠమే చెబుతాను.

మేము హైస్కూల్లో ఉన్న రోజుల్లో, 1984-85లో, కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశంలో కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మన బడికి అది రాలేదు. ఆ కంప్యూటర్ వెనుక 15 పిన్నుల అనలాగ్ సాకెట్ ఒకటి ఉండేది. జాయ్‌స్టిక్ తగిలించవచ్చు, కావాలంటే ఉష్ణోగ్రత కొలిచే సెన్సరూ తగిలించవచ్చు. బేసిక్ భాషలో 'ఆడ్‌వాల్' అని రాస్తే ఆ కొలత అంకెగా వచ్చేది. ఆటకు, సైన్సు ప్రయోగానికి ఒకటే ద్వారం అన్నమాట.

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి కూడా జాయ్‌స్టిక్ తగిలించే కార్డు విడిగా దొరికేది. 1989లో సౌండ్ బ్లాస్టర్ వచ్చాక ఆ 15 పిన్నుల గేమ్ పోర్టు సౌండ్ కార్డు మీదికే చేరింది. ప్రొద్దుటూరులో మేము మొదట చూసింది అదే. పాటల కోసం సౌండ్ కార్డు కొంటే, వెనుక పొడవాటి సాకెట్ ఒకటి ఊరికే వచ్చేది. అదెందుకో చాలామందికి తెలియదు.

ఇప్పుడు మూత విప్పుదాం. కర్రను పక్కకు వంచితే ఒక పొటెన్షియోమీటర్, పైకీ కిందికీ వంచితే ఇంకొకటి తిరుగుతాయి. రేడియోలో వాల్యూం తిప్పే వస్తువు లాంటిదే, 100 కిలో ఓములది. మరి ఎంత వంచామో కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుంది? మునిసిపల్ కొళాయి కింద బిందె పెట్టండి. కొళాయి బాగా తిప్పితే బిందె త్వరగా నిండుతుంది, కొంచెమే తిప్పితే ఆలస్యంగా నిండుతుంది. కొళాయిని చూడకుండానే, బిందె నిండడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎంత తిప్పారో చెప్పేయవచ్చు. ఇక్కడ బిందె కెపాసిటర్, కొళాయి పొటెన్షియోమీటర్. ప్రాసెసర్ "మొదలు" అని ఒక ఆజ్ఞ ఇచ్చి, 'నిండింది' అనే సంకేతం వచ్చేదాకా ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతుంది. ఐబీఎం కార్డులో ఆ సమయం సుమారు 24 మైక్రోసెకండ్ల నుంచి 1,100 మైక్రోసెకండ్ల దాకా ఉండేది.

ఇందులో ఒక చిక్కుంది. బిందె నిండే వేగం మారదు, లెక్కపెట్టేవాడి నోటి వేగం మాత్రం మారుతుంది. 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 10 అని లెక్కపెట్టే లోపు, 486 ఎన్నో రెట్లు లెక్కపెట్టేస్తుంది. అందుకే పాత ఆటలు కొన్ని కొత్త కంప్యూటర్లలో కర్ర ముట్టకుండానే ఒక మూలకు పరిగెత్తేవి. ఆట మొదట్లో "కర్రను పై మూలకు నెట్టండి, కింది మూలకు నెట్టండి, మధ్యలో వదలండి" అని అడిగేది కూడా ఇందుకే. దాన్ని కాలిబ్రేషన్ అంటారు. తర్వాత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉద్యోగంలో నేను వాల్వులకూ గేజీలకూ ముప్పై ఏళ్లు చేసిన పని అదే.

1994 ప్రాంతంలో ఒక మిత్రుడి జాయ్‌స్టిక్‌లో పొటెన్షియోమీటర్ అరిగిపోయింది. విడిభాగం ఎక్కడా దొరకలేదు. జమ్మలమడుగులో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కంప్యూటర్‌ను అప్పటిదాకా ముట్టుకోలేదు. జాయ్‌స్టిక్‌ను అటూ ఇటూ తిప్పి, మల్టీమీటర్ పెట్టి చూసి, "వాల్యూం కంట్రోల్ దీనికి పనికిరాదబ్బీ. అది మొదట్లో మెల్లగ పోతాది, చివర్లో ఎగురుతాది. దీనికి రెండు పక్కలా సమానంగ పొయ్యేది కావల్ల" అన్నారు. ఒక పాత స్టీరియో ఆంప్లిఫయర్ నుంచి బ్యాలెన్స్ కంట్రోల్ ఊడదీసి అమర్చారు. లాగరిథమిక్, లీనియర్ అని మేము కాలేజీలో పుస్తకంలో చదివిన తేడాను ఆయన వేళ్లతో తెలుసుకున్నారు. మిగిలిన కొద్దిపాటి తేడాను కాలిబ్రేషన్ సర్దేసింది.

అప్పుడే మన బజార్లలో టీవీ గేములు వెల్లువెత్తాయి. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు అవి చవక నకళ్లు. వాటి రిమోటుకు 9 రంధ్రాల ప్లగ్గు ఉండేది. కంప్యూటర్ సీరియల్ పోర్టుకూ 9 పిన్నులే కాబట్టి దూర్చితే దూరుతుంది. పని మాత్రం చెయ్యదు. పైగా సీరియల్ లైన్లలో 12 వోల్టుల దాకా రావచ్చు, రిమోటుది 5 వోల్టుల ప్రాణం.

ఆ రిమోటులో 8 మీటలుంటాయి, కబురు మోసే తీగ ఒక్కటే. అదెట్లా? మన బడిలో హాజరు తీసుకున్నట్టే. బెల్లు కొట్టగానే ఎక్కడివాళ్లు అక్కడ కూర్చుంటారు. అది 'లాచ్'. అయ్యవారు వరుసగా నంబర్లు పిలుస్తారు. అది 'క్లాక్'. ఒక్కొక్కరు "ప్రెజెంట్ సార్" అంటారు, లేకుంటే నిశ్శబ్దం. అది 'డేటా'. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి, ఇదే వరుస. కరెంటు తీగ, గ్రౌండు తీగ కలుపుకుంటే మొత్తం అయిదు తీగలు. వాటిని 25 పిన్నుల ప్రింటర్ పోర్టుకు అతికించి, డైరెక్ట్‌ప్యాడ్ ప్రో అనే ఉచిత డ్రైవర్ వేసుకుంటే విండోస్ 98లో అది జాయ్‌స్టిక్‌గా కనిపించేది. ప్రొద్దుటూరులో ఒక మిత్రుడి డీటీపీ సెంటర్లో అట్లా అమర్చాం. ఒక్కటే ఇబ్బంది, ప్రింటర్ తీగ పీకితేగానీ ఆట లేదు, పీకితే శుభలేఖల పని ఆగుతుంది. పెళ్లిళ్ల సీజన్లో మాకు రాత్రి పదింటి దాకా ఆట లేదు.

ఇంతవరకూ సరదా. ఇప్పుడు చెప్పేది బతుకుదెరువు సంగతి. పులివెందులలో మా మేనల్లుడు ఉన్నాడు. పోలియో వల్ల వాడి చేతులు భుజం దగ్గర నుంచి లేవవు, మణికట్లు మాత్రం ఆడతాయి. మౌస్‌ను జరపాలి, ఎత్తాలి, మళ్లీ పెట్టాలి. అది వాడికి సాధ్యం కాదు. కీబోర్డు అంతకన్నా దూరం. విండోస్ ఎక్స్‌పీలో తెర మీద కనిపించే కీబోర్డు ఒకటుంది. అందులో 'జాయ్‌స్టిక్‌తో ఎంచుకోవడం' అనే పద్ధతి పెట్టారు. అక్షరాల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. కావలసిన చోట మీట నొక్కితే చాలు. గేమ్ పోర్టుకు పాత జాయ్‌స్టిక్ తగిలించి, మీటను వాడి అరచేతి కిందికి వచ్చేటట్టు బల్లకు బిగించాం. మొదటి రోజు తన పేరు కొట్టడానికి పావుగంట పట్టింది. కొట్టాక, "మామా, ప్రింటు తియ్యి" అన్నాడు. ఏడాది తిరిగేసరికి విత్తనాల అంగళ్లకు బిల్లులూ, జాబితాలూ చేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. మెల్లగానే చేస్తాడు, కానీ లెక్క తప్పడు.

కొన్నేళ్లకు ఆ కంప్యూటర్ ఆయుస్సు తీరింది. కొత్తదాని వెనుక 15 పిన్నుల సాకెట్ లేదు. 1996లో వచ్చిన యూఎస్‌బీ అప్పటికి అన్నిటినీ మింగేసింది. యూఎస్‌బీని తప్పు పట్టను. తగిలించగానే "నేను ఫలానా వస్తువును, నాకిన్ని మీటలున్నాయి" అని అదే చెప్పుకుంటుంది, కౌంటు లెక్కల గొడవ లేదు. కానీ ఆ మాట చెప్పడానికి లోపల ఒక చిప్పు కావాలి. బ్యాలెన్స్ కంట్రోల్ ఊడదీసి అతికిస్తే సరిపోదు. పులివెందులలోనే చదువుకుంటున్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఆర్డుయినో లియోనార్డో బోర్డు తెచ్చి, పాత మీటనే దానికి కలిపి, యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌గా మార్చి ఇచ్చాడు. వాడి పని మళ్లీ సాగింది. 2018లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అని తెచ్చారు. శరీరం సహకరించని వాళ్లు తమకు అనువైన మీటలు తగిలించుకోవడానికి దాని వెనుక 19 జాకులున్నాయి. ఆ వార్త చదివి మావాడు నవ్వి, "మనది ఒక్క జాకే, అయినా ముందు మనదే మామా" అన్నాడు.

మిత్రులారా, మావాడి బతుకు నిలబెట్టినవాళ్లు ముగ్గురు. పొటెన్షియోమీటర్ మర్మం మాకు చెప్పిన రేడియో మెకానిక్, బోర్డు రాసిన విద్యార్థి, వీళ్ల మాట మాకు అర్థమయ్యేటట్టు ఓం నియమం నేర్పిన మన సైన్సు అయ్యవారు. ఈ ముగ్గురూ ఎన్నడూ ఒకచోట కూర్చోలేదు. అదే నా బాధ.

కాబట్టి సంఘానికి నా విన్నపం. స్వర్ణోత్సవ నిధితో బడికి మూత విప్పరాని వస్తువులు మాత్రమే కొనివ్వకండి. ఒక గది, ఒక పొడవాటి బల్ల, నాలుగు మల్టీమీటర్లు, నాలుగు సోల్డరింగ్ ఐరన్లు ఇద్దాం. మన ఇళ్లలో అటక మీదున్న పాత కీబోర్డులు, రిమోట్లు, జాయ్‌స్టిక్‌లు తెచ్చి పోద్దాం. పిక్చర్ ట్యూబు మానిటర్లు, పవర్ సప్లైలు మాత్రం పెద్దలు పక్కన లేకుండా తెరవకూడదు, మిగతావి పిల్లలు ఇష్టం వచ్చినట్టు విప్పుకోవచ్చు. మూడు ఊళ్లలోనూ అంగళ్లు మూసుకుని ఇంట్లో కూర్చున్న మెకానిక్కులను శనివారం పూట గౌరవంగా పిలిచి, దారి ఖర్చులిచ్చి, పిల్లల పక్కన కూర్చోబెడదాం. మొదటి బల్ల ఖర్చు నాది. మొదటి ఆరు నెలలు ప్రతి నెలా ఒక శనివారం నేనూ వస్తాను.